ముందు బూటు తీసుకురండి

మిలిటరీ ఆసుపత్రి వెనకవైపు, బట్టలుతికే గదిని ఆనుకుని, రేకుల కప్పు కింద ఒక పనిగది ఉంది. దాని గోడ మీద రాసిన పేరు చదవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి కనక అందరూ కాళ్ళ షాపు అనేవాళ్ళు. అందులో కృత్రిమ కాళ్ళు చేసే ఆయన్ని కాళ్ళ మేస్త్రి అనేవాళ్ళు. ఆయనకి కోపం ఎక్కువ, ఓపిక అంతకన్నా ఎక్కువ. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయని ఎవరైనా అడిగితే, కోపం నాయకులకి, ఓపిక కుర్రాళ్ళకి, దేని వాటా దానికి విడిగా పెట్టాను అనేవాడు.

కొత్తగా ఎవరొచ్చినా ఆయన మొదట అనే మాట ఒకటే. "ముందు బూటు తీసుకురండి." కాలు పోయి ఏడుస్తుంటే బూటేమిటని ఇంట్లోవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. అప్పుడు ఆయన వాళ్ళని కూర్చోబెట్టి నింపాదిగా చెప్పేవాడు. మనిషి ఇంటికెళ్ళాక రోజూ తొడుక్కునే బూటు ఏదో, దాని మడమ ఎంత ఎత్తో తెలిస్తేనే కాలు సరిగ్గా నిలుస్తుంది. మడమ ఎత్తు కాస్త పెరిగితే మనిషి ముందుకి తూలతాడు, కాస్త తగ్గితే వెనక్కి పడతాడు. "బూటుని బట్టి కాలు చేస్తామమ్మా, కాలుని బట్టి బూటు కాదు" అనేవాడు. అందుకే ఆ గదిలో ఒక గోడంతా చెక్క అరలు, ఒక్కో అరలో ఒక్కటే బూటు. కాలు తయారైన రోజున ఆ బూటు దానికి తొడిగి ఇచ్చి పంపేవాడు, అర ఖాళీ అయ్యేది.

మొండికాలు అని ఎవరైనా అంటే ఊరుకునేవాడు కాదు. "మొండి ఏమిట్రా, మిగిలిన కాలు అను. ఉన్నదాన్ని పేరుపెట్టి పిలవడానికేం రోగం?" అనేవాడు.

యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల, పేరు పలకడానికి నోరు తిరగని దేశంలో జరుగుతోంది. ఎందుకో మొదట్లో అందరికీ తెలుసనే అనుకున్నారు. కొన్నాళ్ళకి ఆ కారణం మారింది. మారిన కారణం కూడా మారింది. దేశాన్నేలే పెద్దాయన టీవీలో కనపడి గెలిచేశామన్నాడు. ఆ మాట నమ్మి మేస్త్రి సంబరంగా అరల దుమ్ము దులుపుకున్నాడు. తీరా చూస్తే బూట్లకి చోటు చాలక, వడ్రంగిని పిలిచి ఇంకో వరస అరలు కొట్టించాల్సి వచ్చింది. పెద్దాయన మళ్ళీ కనపడి ఈసారి ఇంకా బాగా గెలిచామన్నాడు.

"పాము చావకూడదు, కర్ర విరగకూడదు అంటారు. ఇక్కడ పాము చావటంలేదు సరే, కర్రలు మాత్రం రోజూ విరుగుతున్నాయి" అని మేస్త్రి గొణుక్కునేవాడు. గట్టిగా అనడానికి లేదు, తినేది సర్కారు జీతం. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు తన మీద తనకే కోపం వచ్చేది. అది ఎవరి వాటాలో వెయ్యాలో తెలిసేది కాదు.

కానీ చక్రాల కుర్చీలో ఒక సిపాయి గుమ్మం దాటి వస్తే చాలు, చేతిలో పని పక్కనపెట్టి లేచి నిలబడేవాడు. వాళ్ళు కంగారుపడి "మీరు లేవడమేంటి మావయ్యా" అంటే, "మీరు లేచేదాకా మీ బదులు నేను లేస్తానర్రా, తర్వాత మీ వంతు" అనేవాడు. వార్డులో అందరికీ ఆయన మావయ్యే. వరసకి నిజంగా మావయ్య అని పిలవాల్సినవాడు కూడా ఆ ఏడాది చలికాలంలో వచ్చాడు.

వాడు మేస్త్రి చెల్లెలి కొడుకు. ఎడమకాలు మోకాలి కిందనించి పోయింది. చెల్లెలి నోట్లో మామూలుగా నువ్వుగింజ నానదు. ఆ రోజు మాత్రం కొడుకు పాత గుడ్డబూటు తువ్వాల్లో చుట్టి తెచ్చి, ఒక్క మాటా లేకుండా అన్నగారి చేతిలో పెట్టింది. ఎవరూ తెమ్మనకుండానే తెచ్చింది. ఇన్నాళ్ళూ అన్న చెప్పగా విన్నదే కదా. మిగతా బూట్లలా దాన్ని అరలో పెట్టెయ్యడానికి మేస్త్రికి మనసొప్పలేదు. చాలాసేపు పట్టుకునే తిరిగాడు.

మిగిలిన కాలుకి తడి పట్టీలు చుట్టి అచ్చు తీశాడు. ఆ అచ్చు మీద ప్లాస్టిక్ రేకు వేడికి మెత్తబరిచి తొడుగు చేశాడు, వాళ్ళ భాషలో దాన్ని గిన్నె అంటారు. మిగిలిన కాలు దూరేది ఆ గిన్నెలోకే. ఆకురాయితో దాని అంచులు అరగదీస్తూ మావా అల్లుళ్ళు మాట్లాడుకునేవాళ్ళు.

"నన్ను గుట్ట మీంచి మోసుకొచ్చింది బండోడు మావయ్యా" అనేవాడు మేనల్లుడు. రివటలా ఉంటాడు కనక జట్టులో వాడికి బండోడని పేరు. "వీపు మీద వేసుకుని కిందిదాకా తెచ్చాడు. హెలికాప్టర్లో నన్ను పడేసి మళ్ళీ పైకెళ్ళిపోయాడు."

"నీతో వచ్చెయ్యలేకపోయాడా?"

"పైన మిగతావాళ్ళున్నారుగా. మా బదులు వేరే జట్టుని పంపిస్తాం, వానలకి ముందే దింపేస్తాం అన్నారు. వానలొచ్చాయి, పోయాయి. చలొచ్చింది. ఎవరూ రాలేదు."

"ఎవరు వస్తార్రా? ఆ పెద్దాయనకి మీ గుట్ట ఎక్కడుందో తెలుసా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఊళ్ళోవాళ్ళ బిడ్డల్ని పంచిపెడుతున్నాడు."

మేనల్లుడి మొహం ముడుచుకుంది. "ఆయన్ని ఏమైనా అను. ఆ గుట్ట మీదున్నవాళ్ళు పడ్డది మాత్రం ఉత్తదే అనకు."

"వాళ్ళనెప్పుడన్నానురా?" మేస్త్రి ఆకురాయి కింద పెట్టేశాడు. "వాళ్ళ విలువ తెలిసే కదా నా ఏడుపంతా."

"మేం సంతకం పెట్టాం, పంపినచోటికి పోతాం. అది మా పని. ఎందుకు పంపారో, ఎప్పుడు తిరిగి రమ్మంటారో చూసుకోవడం వాళ్ళ పని. మా పని మేం చేశాం కదా మావయ్యా."

మేస్త్రి గిన్నె అంచుని వెలుతురుకి తిప్పి చూశాడు. చేతిలో ఉన్నది అరగదీయడం తప్ప ఏం చెయ్యాలో తోచక, మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

ఇలా ఉండగా పెద్దాయన ఆసుపత్రికి వస్తున్నాడని కబురొచ్చింది. సూపరింటెండెంటు గోడలకి సున్నం వేయించాడు, కుళాయిలు బాగుచేయించాడు, చివరికి కాళ్ళ షాపు గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వెనక ఒక మనిషి, ఆ మనిషి చేతిలో తళతళలాడే కొత్త మిలిటరీ బూట్ల పెట్టె.

"మేస్త్రీ, మీ మేనల్లుణ్ణి ఎంపిక చేశారు. యూనిఫాంలో, ఈ బూట్లతో, పెద్దాయన పక్కన నిలబడతాడు. ఫొటో తీస్తారు."

"వాడింకా నిలబడే స్థితిలో లేడు సార్. కుట్లు మానాయి గానీ చర్మం పచ్చిగానే ఉంది. నడక నేర్పే కమ్మీలు పట్టుకుని రెండడుగులేస్తే గొప్ప. పైగా వాడి కాలు గుడ్డబూటుకి నిలబెట్టాను. ఈ మడమ ఎత్తుకి ముందుకి బోర్లా పడతాడు."

"అయితే ఈ మడమకే నిలబెట్టు. ఫొటోకి ఎంతసేపు పడుతుంది?"

"కుర్చీలో కూర్చోబెట్టి తియ్యకూడదా సార్?"

సూపరింటెండెంటు చెడ్డవాడేం కాదు. "కూర్చున్నవాళ్ళ ఫొటోలు వద్దన్నారు మేస్త్రీ" అన్నాడు నెమ్మదిగా.

మేస్త్రి ససేమిరా అనేవాడే. కానీ మేనల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను నిలబెట్టు మావయ్యా. కుర్చీలో ఉంటే తల నిమిరి వెళ్ళిపోతాడు. నిలబడితే నా మొహంలోకి చూడాలి. అప్పుడడుగుతాను, మావాళ్ళని ఎప్పుడు దింపుతారని. ఒక్క మాట. అంతకన్నా ఏం అక్కర్లేదు."

"అడిగితే చెప్తాడనా?"

"అడిగినవాడు కాలిచ్చినవాడైతే చెప్పడా?"

వాడి కళ్ళలో ఆశ మేస్త్రికి కనపడుతూనే ఉంది. కాదంటే ఆ ఆశ తన చేత్తో నులిమేసినట్టవుతుంది. ఔనంటే చర్మం చిరుగుతుంది. చర్మం మళ్ళీ మానుతుందిలే అనుకుని పని మొదలుపెట్టాడు. కొత్త బూటు తొడిగి, పాదం వంపు మార్చి, మరలు ఒక్కొక్కటే విప్పి బిగించి, మళ్ళీ విప్పి బిగించి, కాలుని ఆ మడమకి నిలబెట్టాడు. ఆయన చేతిపనిలో అంత పొందికగా కుదిరినవి తక్కువ. అది చూసుకుని ఆయన గర్వపడ్డాడు కూడా.

తీరా ఆ రోజు నడక నేర్పే హాల్లోకి వెళ్ళి చూస్తే పట్టుకుని నిలబడే కమ్మీలు లేవు. ఫొటోలో బాగుండవని ఊడదీయించారు. వాటి స్థానంలో నేలదాకా వేలాడే నీలం తెర, దాని మీద పెద్దాయన బొమ్మ.

"కమ్మీల్లేకుండా వీల్లేదు సార్, పడిపోతాడు" అని మేస్త్రి గోలపెట్టాడు. చివరికి వాళ్ళే ఒక ఉపాయం కనిపెట్టారు. తెరకి నడుము ఎత్తున చిన్న చీలిక కోశారు. మేస్త్రి తెర వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చీలికలోంచి చెయ్యి పెట్టి, మేనల్లుడి బెల్టు పట్టుకోవాలి. కోటు అంచు చేతిని కప్పేస్తుంది, ఎవరికీ కనపడదు. నవ్వొచ్చే ఏర్పాటే. వార్డు కుర్రాళ్ళు "తోలుబొమ్మలాట మొదలెట్టావా మావయ్యా" అని నవ్వారు కూడా. మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళి తెర వెనక కూర్చున్నాడు.

అక్కడ ఆయనకి కనపడింది నీలం గుడ్డ ఒక్కటే. బ్యాండు మోగింది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. చేతిలో బెల్టు బిగుసుకుంది, మేనల్లుడు శాల్యూట్ చేశాడన్నమాట. బరువంతా కొత్త కాలి మీద పడటం మేస్త్రికి వేళ్ళలో తెలిసింది. లోపల గిన్నె అంచు పచ్చి చర్మాన్ని ఎక్కడ కోస్తోందో కూడా తెలుసు, ఆ అంచు అరగదీసింది తనే కదా.

"శభాష్" అంది పెద్దాయన గొంతు.

"అయ్యా, ఒక్క మాటండి." మేనల్లుడి గొంతు వణకలేదు. "మా జట్టు ఇంకా ఆ గుట్ట మీదే ఉందండి. బదులు జట్టుని పంపుతామన్నారు, పంపలేదండి. వాళ్ళని ఎప్పుడు దింపుతారండి?"

తెర అవతల భుజం మీద తట్టిన చప్పుడు వినపడింది. ఆ తట్టుకి కుర్రాడు ఊగితే మేస్త్రి రెండో చెయ్యి కూడా చీలికలోకి దూర్చి పట్టుకున్నాడు. అడుగులు మైకు వైపు కదిలాయి.

"ఈ వీరుడు ఇప్పుడు నన్ను ఒక్కటే అడిగాడు" అంది మైకు. "అయ్యా, మా జట్టు అక్కడుంది, నన్ను మళ్ళీ వాళ్ళ దగ్గరికి ఎప్పుడు పంపుతారు అన్నాడు. కాలు పోయినా వెనకడుగు వెయ్యనంటున్నాడు. ఇలాంటి బిడ్డలుండగా మనం మధ్యలో తిరిగి రావడమా? పని పూర్తయ్యేదాకా అక్కడున్నవాళ్ళు అక్కడే ఉంటారు. వాళ్ళు కోరుకునేదే అది."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. లేచి తెర చింపుకుని బయటికి రావాలి. అబద్ధం అని అరవాలి. కానీ లేవాలంటే చేతులు వదలాలి, చేతులు వదిలితే వాడు అందరి ముందూ బోర్లా పడతాడు. వాడి బరువు మొత్తం ఇప్పుడు ఈయన చేతుల్లోనే ఉంది. "వాడలా అడగలేదండీ" అని కూర్చున్నచోటినుంచే అరిచాడు. నీలం గుడ్డ కేసి అరిచినట్టయింది. బ్యాండు అప్పటికే మొదలైంది. చీలిక దగ్గర మేనల్లుడి చెయ్యి వెనక్కొచ్చి ఆయన వేళ్ళ మీద పడింది. వదలొద్దనో, వదిలెయ్యమనో ఆయనకి అర్థం కాలేదు. వదల్లేదు.

అంతా అయ్యాక గిన్నె విప్పితే లోపలి మేజోడు రక్తంతో అతుక్కుపోయి ఉంది. "నొప్పిగా ఉందిరా?" అని అడిగితే వాడు దేని గురించి అడుగుతున్నారో తెలియనట్టు చూశాడు.

మర్నాటినుంచి ఆ ఫొటో లేని గోడ లేదు. మేస్త్రి ఊరుకోలేదు. సూపరింటెండెంటు దగ్గరికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన తలుపు దగ్గరికి వేసి, "నీకు వినపడింది నీకు, నాకు వినపడింది నాకు. మైకులో వినపడింది దేశానికి. నేనేం చెయ్యను మేస్త్రీ?" అన్నాడు. టీవీ వాళ్ళకి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి చివరిదాకా వినకుండానే "మన వీరుడి మీద మీ అభిమానానికి ధన్యవాదాలండీ" అని పెట్టేసింది. మేస్త్రి ఫోన్ తీసి ఆకురాళ్ళ డబ్బాలో పడేశాడు.

ఆ వారంలోనే ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, బడిలో ఆయాలు కట్టుకునే నీలం అంచు చీర. సరాసరి మేనల్లుడి కుర్చీ ముందు నిలబడింది.

"నేను మీ బండోడి అమ్మని. నీకంత సరదాగా ఉంటే నువ్వు వెళ్ళు నాయనా, ఎవరొద్దన్నారు? మావాణ్ణెందుకు ఆపావు? వాడు నిన్ను వీపున మోశాడటగా, నాతో ఫోన్లో చెప్పాడు. మోసినందుకా?"

"నేనలా అడగలేదు పిన్నీ" అన్నాడు మేనల్లుడు.

"మరి టీవీలో?"

"నేను విన్నానమ్మా" అన్నాడు మేస్త్రి. "మీవాణ్ణి ఎప్పుడు దింపుతారనే అడిగాడు. నేను తెర వెనకాలే ఉన్నాను."

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కోపమంతా దిగిపోయి, కూర్చోవడానికి చోటు కోసం వెతుక్కుంది. మేస్త్రి తన స్టూలు జరిపాడు. "నేను నమ్ముతాను అన్నయ్యా. నేను నమ్మితే ఏం లాభం? తెర వెనకాల ఉన్నవాళ్ళ మాట ఇంకెవరు వింటారు?"

ఆయన టీ తెప్పించాడు. ఆవిడ తాగుతూ గోడకేసి చూసి, "ఇన్ని బూట్లేంటి, ఒక్కొక్కటే ఉన్నాయేం?" అని అడిగింది. మేస్త్రి అందరికీ చెప్పినట్టే చెప్పాడు, మడమ ఎత్తు గురించి, ముందు బూటు తేవడం గురించి. చెప్తూ చెప్తూ మధ్యలో ఆపేశాడు, ఈవిడకెందుకు చెప్తున్నానని. ఆవిడ మాత్రం శ్రద్ధగా విని తలూపింది. వెళ్ళేటప్పుడు వంగి మేనల్లుడి తల మీద చెయ్యి పెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత మేనల్లుడు కాలు తొడుక్కోవడం మానేశాడు. "దాన్ని మళ్ళీ నీ గుడ్డబూటుకి నిలబెడతాను, రారా" అని మేస్త్రి బతిమాలాడు, కసిరాడు, చెల్లెలి చేత చెప్పించాడు. గోడకి చెప్పినట్టే.

"ఆ కాలు మీద నిలబడితేనే కదా మావయ్యా ఆ మాట పుట్టింది" అన్నాడు వాడు. "నేను కూర్చునే ఉంటే వాళ్ళీపాటికి దిగేవాళ్ళేమో."

"నువ్వు కూర్చుంటే ఇంకొకణ్ణి నిలబెట్టేవాళ్ళురా."

"నిలబెట్టనీ. అది నేను కాదుగా."

ఆ కాలు కొత్త మిలిటరీ బూటుతో బల్ల మీద అలాగే ఉండిపోయింది. వాడు రోజూ కుర్చీ తోసుకుంటూ షాపుకొచ్చి, దానికి వీపు పెట్టి కూర్చుని, మిగతావాళ్ళ గిన్నెలకి అంచులు అరగదీసేవాడు. మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కనీసం వస్తున్నాడు కదా అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో అలికిడైతే, సిపాయి ఎవరో అనుకుని మేస్త్రి అలవాటుగా లేచి నిలబడ్డాడు. బండోడి అమ్మ. చేతిలో గుడ్డసంచి. ఏడ్చిన మొహం కాదు. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకి సుద్దపొడి ఉంది.

"ఫోన్ వచ్చింది అన్నయ్యా. బతికే ఉన్నాడట. కాళ్ళకి దెబ్బ తగిలిందట. ఇక్కడికే తెస్తున్నారట."

మేనల్లుడి చేతిలో ఆకురాయి ఆగిపోయింది. మేస్త్రి ఏదో అనబోయాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆయన చెప్పే మాట ఒక్కటే, అదీ ఈవిడకి చెప్పక్కర్లేదు.

ఆవిడ సంచి బల్ల మీద పెట్టి మూతి విప్పింది. లోపల శుభ్రంగా తుడిచి, కొత్త తాళ్ళు ఎక్కించిన నల్ల బూట్లు.

"ఏ కాలని అడిగాను. అది మాకు తెలియదమ్మా అన్నారు" అంది. "అందుకని రెండూ తెచ్చాను."

మేస్త్రి వాటిని అందుకుని అరల దగ్గరికి వెళ్ళాడు. ఖాళీ అర ఉంది. కానీ ఆ అరలన్నీ ఒక్క బూటుకే కొలిచి కొట్టించినవి. ఆయన రెండు బూట్లూ రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.